తిరగని సింగపూర్ ఫ్యాను

మా చిన్నప్పుడు... మండు వేసవి మధ్యాహ్నం. ముందు గదిలో స్టూలు మీద ఫారిన్ టేబుల్ ఫ్యాను. దాని ఎదురుగా చుట్టాలు. ఆ చుట్టాలకి తాటాకు విసనకర్రతో విసురుతూ నేను.

ఫ్యాను మాత్రం తిరగదు.

దాన్ని తెచ్చింది మా మావయ్య. అమ్మకి తమ్ముడు, సరుకు ఓడలో పనిచేసేవాడు. ఇంట్లో చంటివాడున్నాడు, ఎండాకాలం ఉక్కకి తట్టుకోలేడని సింగపూర్‌లో కొని, పోర్టు నుంచి రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. లేత నీలం రెక్కలు, వెండిలా మెరిసే జాలీ... వీధి వీధంతా వచ్చి చూసింది. నాన్న వైరు చివర పట్టుకుని ఠీవిగా గోడ దగ్గరికి వెళ్ళారు.

మన గోడకేమో మూడు గుండ్రటి కన్నాలు. దాని ప్లగ్గుకేమో పలకల్లాంటి చదరపు కాళ్ళు మూడు. ఎటు తిప్పినా దూరవు. విప్పి మార్చుదామంటే స్క్రూ కూడా లేదు, వైరుతో కలిపి ఒకే ముద్దగా పోసేశారు.

"దాందేటుంది బావా, కోసీసి మన ప్లగ్గు పెట్టీ" అన్నాడు మావయ్య.

నాన్న ఫ్యానుకి అడ్డంగా నిలబడ్డారు.

"కోసీమంటావేటి! ఆ పిన్ను సూత్తేనే కదా ఇది ఫారిన్‌దని తెలిసేది. కోసీస్తే దీనికీ మన బజార్లో ఫేనుకీ తేడా ఏటుంటాది?"

అదీ మా నాన్న. పోర్టులో గుమస్తా. ఎలమంచిలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి పట్నంలో కాపురం పెట్టిన మనిషి. పదిమంది పనిగట్టుకుని వచ్చి చూసిన వస్తువు మా ఇంట్లో అదే మొదటిది. అందుకే ఆ ప్లగ్గు మీద ఈగ వాలనిచ్చేవారు కాదు. చుట్టాలు రాగానే ఆయన ముందు చూపించేది ఫ్యాను కాదు, ప్లగ్గు!

చివరికి, వచ్చే ట్రిప్పులో దానికి సరిపడే అడాప్టరు తెస్తానని చెప్పి మావయ్య ఓడెక్కేశాడు. నాన్న ఫ్యానుకి ప్లాస్టిక్ కవరు తొడిగారు.

ఈలోపు ఎండలు ముదిరాయి. విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. సముద్రం పక్కనే ఉంటుంది, ఒంటి మీద చొక్కా మాత్రం ఆరదు. మా చంటాడికి ఒళ్ళంతా చెమటకాయలు. ఉయ్యాల్లో వేస్తే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు. నిద్రన్నది లేదు. అమ్మ ఒక చేత్తో వాణ్ణీ, ఇంకో చేత్తో విసనకర్రనీ పట్టుకునే ఆ వేసవంతా గడిపింది. కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేవాల్సి వచ్చేది. మనిషి చిక్కి సగమైంది. వాళ్ళిద్దర్నీ చూస్తే నాకు ఏడుపొచ్చేది... ఫ్యాన్ని చూస్తే ఒళ్ళు మండేది.

జాలరిపేట నుంచి మాకు చేపలు తెచ్చే నూకాలమ్మ ఒకరోజు తట్ట దించి, కవరులో ఉన్న ఫ్యాను కేసి తేరిపార చూసింది.

"ఏటమ్మా, అది తిరగదేటి? పాపం దానికీ ఉక్కపోసేత్తంది గావాల... ఆ కవరు తీసి కూసింత ఇసరండి!"

నేను పడీ పడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

మావయ్య ఓడ మళ్ళీ మన రేవుకొచ్చిన రోజు నాన్న ఆఫీసుకి సెలవు పెట్టారు. మావయ్య చేతిలో అట్టపెట్టె అందుకుని, దేవుడి దగ్గర ఉంచి, బొట్టు పెట్టి మరీ విప్పారు.

లోపల తెల్లటి అడాప్టరు. ముందు వైపు మూడు గుండ్రటి కన్నాలు. వెనక వైపు... మూడు చదరపు కాళ్ళు!

మావయ్య కొట్లో 'ఇండియా అడాప్టరు' అని అడిగాడట. కొట్టువాడు మన ప్లగ్గుని వాళ్ళ గోడకి పెట్టుకునేది ఇచ్చాడు. మాకు కావలసింది సరిగ్గా దానికి తిరగేసింది. మొత్తానికి మా ఇంట్లో గోడకి దూరనివి రెండయ్యాయి.

"పోన్లే బావా, మళ్ళీ ట్రిప్పుకి..." అని మావయ్య అంటూండగానే అమ్మ లేచింది. చంటాణ్ణి నా ఒళ్ళో వేసి, వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి, గది మధ్యలో వాల్చుకుని కూర్చుంది. వైరు లాక్కుని, బెండకాయ కోసినట్టు... టక్కున!

"ఏయ్, ఏయ్! ఏటి సేత్తన్నావ్!" అని నాన్న లేచేసరికే ప్లగ్గు నేల మీద పడి ఉంది.

"మా తమ్ముడు ఇది పిల్లోడికి గాలి కోసం తెచ్చాడు. మీ గొప్పకి కాదు" అంది అమ్మ. నాన్నకి ఆవిడ ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

మావయ్య వైరు తొక్క పళ్ళతో ఒలిచి, తీగల్ని ఆ గోడ కన్నాల్లో పెట్టి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించాడు. (అప్పట్లో అందరి ఇళ్ళలో అదే వైద్యం. మీరు చెయ్యకండి బాబూ!)

ఫ్యాను తిరిగింది. చంటాడు ఏడుపు మధ్యలో ఆపి, నోరు తెరిచి గాలి మింగి, అలాగే నిద్రపోయాడు. నాన్న గోడవైపు తిరిగి అలిగి కూర్చున్నారు. కాసేపటికి చూస్తే బనీను విప్పేసి, వాడి పక్కనే చాప మీద గుర్రు పెడుతున్నారు.

అమ్మ కంచంలో అన్నం వడ్డించుకుని ఫ్యాను ఎదురుగా కూర్చుంది. మధ్యలో లేవకుండా, తొందర లేకుండా, కూర, చారు, మజ్జిగ... అన్నీ తిన్నది. తింటూ తింటూ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ దేశం పిన్నయినా పట్టే సాకెట్లున్నాయి. గదికో ఏసీ ఉంది. ఏ వస్తువు ఏ దేశందో మాకే తెలీదు, చూడ్డానికి వచ్చేవాళ్ళూ లేరు...

మీ ఇంట్లో కూడా చూసుకోడానికే తప్ప వాడుకోడానికి కాని ఫారిన్ సామాను ఉండేదా? దాన్ని చివరికి వాడకంలోకి తెచ్చిన ఆ మహాతల్లి ఎవరో కాస్త చెప్పండి...