మా నాన్న బిగించిన సైకిల్ చక్రం

నాకు తొమ్మిదేళ్ళప్పుడనుకుంటా... గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న సైకిల్‌ను తలకిందులు చేసి వెనక చక్రం పుల్లలన్నీ ఊడదీసి కూర్చున్నాడు.

"దుకాణంల ఇయ్యరాదయ్యా" అంది అమ్మ.

"బాయిల గంత పెద్ద మిషన్లు ఇప్పి బిగిస్తున్న... గీ సైకిల్ పుల్లలు నాకో లెక్కనా?" అన్నాడు నాన్న. బొగ్గు బాయిలో ఆయన ఫిట్టరు మరి!

సాయంత్రానికి నలభై కొత్త పుల్లలూ ఎక్కించి, పళ్ళు బిగబట్టి బిగించాడు. చక్రం తిప్పితే కుడికీ ఎడమకీ ఊగుతోంది. "నడిస్తే అదే సర్దుకుంటది" అన్నాడు.

మర్నాడు పొద్దుటి షిఫ్టుకు దాని మీదే బయల్దేరాడు. రోడ్డుకి ఈ కొస నుంచి ఆ కొసకి... మళ్ళీ ఇటు... ఎదురొచ్చినవాళ్ళు పక్కకు దూకారట. వాళ్ళలో మా చర్చి పాస్టరుగారు ఒకరు.

ఆ వచ్చే ఆదివారం నాన్నను చర్చిలో సంఘపెద్దగా నిలబెట్టాలని అప్పటికే అనుకున్నారు. చుక్క ముట్టని మనిషని ఆయనకు పేరు. ఆ రోజు నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, పాస్టరుగారు బైబిలు పట్టుకుని మా మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఏసోబూ, ఎప్పటిసంది తాగుతున్నవు? దాయకు. ప్రార్థన చేసుకుందాం."

నాన్న ముఖం మాడిపోయింది. "దేవుని తోడు, నేను తాగలే అయ్యగారూ! సైకిలే గట్ల పోతున్నది."

"సైకిల్ ఊగుతదా? నేను ఎక్కి చూస్త" అని పాస్టరుగారు తెల్లబట్టలతోనే ఎక్కారు. నాలుగు గజాలు తిన్నగా వెళ్ళారు... తర్వాత ఊగడం మొదలైంది. పక్కింటి నీలమ్మవ్వ పొయ్యికోసం పోసుకున్న బొగ్గు కుప్పలో తేలారు.

"అయ్యో... అయ్యగారు సుత తాగిండా?" అని అరిచింది నీలమ్మవ్వ.

నేనూ అక్కా నవ్వాపుకోలేక ఇంట్లోకి పరిగెత్తాం.

అమ్మ మాత్రం నవ్వలేదు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. సైకిల్‌ను మళ్ళీ తలకిందులు పెట్టించి, ఒక్కో పుల్లనూ వేలితో మీటుతూ పోయింది. బిగువుది సన్నగా 'టింగ్'మంది... వదులుది 'డబ్'మంది.

"ఒక్కోటి ఒక్కో తీరు పాడుతున్నది. అన్నీ ఒక్క తీరు మోగాలె. గిది వదులున్నది, బిగించు... గిది మస్తు గట్టిగున్నది, జర ఇడువు."

నాన్న అమ్మ చెప్పినట్టే పుల్లలు బిగించే చాబీ తిప్పాడు. పాస్టరుగారు బొగ్గు ముఖంతోనే రిమ్ము పక్కన చీపురుపుల్ల పట్టుకుని, ఎక్కడ తగులుతోందో చెప్పారు. పొద్దు గూకకముందే చక్రం తిన్నగా తిరిగింది.

ఆదివారం నాన్నను సంఘపెద్దగా నిలబెట్టారు. "ఈయన తాగడు... నాకు బాగ తెలుసు" అంటూ పాస్టరుగారు మోకాలు తడుముకుంటే చర్చి అంతా నవ్వింది.

ఆ తర్వాత మా క్వార్టర్ల లైనులో ఎవరి చక్రం ఊగినా అమ్మ దగ్గరికే వచ్చేవారు. వాకిట్లో కూర్చున్న నాన్న, "ఫిట్టరు లోపలున్నది... పిలుస్త ఆగుండ్రి" అనేవాడు.

ఇప్పుడు బండిలో చిన్న చప్పుడొచ్చినా షోరూములో అప్పజెప్పి, కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చుంటాం. బండి బాగవుతుంది... కానీ ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

మీ ఇంట్లో ఏ వస్తువు బాగుచేయబోతే వీధంతా కూడింది? రాయండి... కలిసి నవ్వుకుందాం.