ముందుగా పలకని మాట

టీవీలో ఏళ్ల తరబడి నర్సు వేషం వేసిన డోరీన్‌ని ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఊరి బస్సులో జనం ఇప్పటికీ మోకాళ్ల నొప్పికి మందడుగుతారు. సీరియల్ ఆగిపోయాక ఆమెకు దొరికింది క్రిస్మస్ నాటకంలో దేవత వేషం. రోజూ అందరికంటే ముందొచ్చి, చెప్పులు విప్పి వేదికంతా నడిచి చూసుకుంటుంది. నాటకంలో ఆఖరి మాట ఆమెదే. దాన్ని తొలి ఆట దాకా పైకి అంటే అరిష్టమని నాటకాలవాళ్ల ఆచారం. రిహార్సల్లో అక్కడికి రాగానే ఆపేస్తారు. కెమెరా ముందైతే తప్పినా మళ్లీ చెప్పొచ్చు, ఇక్కడ అది కుదరదు.

"నోరు పెగలకపోతే ఏం చెయ్యనే?" అంది, తన వీపుకు దేవత రెక్కలు కడుతున్న, వేషాలు తొడిగే మేవిస్‌తో.

"సూది పొడుస్తానని బెదిరించు తల్లీ, అందరూ పారిపోతారు."

తొలి ఆటలో ఆ చోటికి రాగానే, రిహార్సల్లో లాగే డోరీన్ ఆగిపోయింది. ముందు వరసలో ఒక పాప మిఠాయి నమలడం మానేసి ఆమెనే చూస్తోంది. ఆఖరి మాటను ఆ పాపతో అన్నట్టే అనేసింది.

"మళ్లీ చెప్పు, దేవతా!" అని అరిచింది పాప.

డోరీన్ మళ్లీ చెప్పింది, ఈసారి వెనక వరసకూ వినబడేలా.