సున్నం పూసిన కొవ్వు ముక్క

నా చిన్నప్పుడు మా నాన్నకి అనుమానం రాని వస్తువంటూ ఇంట్లోకి వచ్చేది కాదు. పాలలో నీళ్లు, బియ్యంలో రాళ్లు, త్రాసు కింద అయస్కాంతం, ఏదో ఒకటి కనిపెట్టేవారు. అప్పట్లో మేం అరబ్బు దేశంలో, ముహర్రక్‌లో ఉండేవాళ్లం. నాన్నది ఆఫీసు ఉద్యోగం. అక్కడ సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే; చర్చి నుంచి వస్తూ మా సందు చివర కొట్లో గొడ్డు మాంసం తేవడం ఆయన వంతు.

కొట్టు కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి పనివాళ్లని రప్పించుకున్న అరబ్బు యజమానిది. మాంసం కోసే భాయ్ అక్కడ జీతగాడు. తన ఊళ్లో ఉన్న పెళ్లాం పిల్లలకి అతని సంపాదనే ఆధారం. నన్ను చూస్తే నవ్వి పలకరించేవాడు. నాకూ ఇష్టమే గానీ, నాన్న మాటలు వినీ వినీ, అతని చెయ్యి త్రాసు దగ్గరికి పోతే చాలు కళ్లు అటే తిప్పేదాన్ని.

ఒక శుక్రవారం భాయ్ ఆవు మాంసమని ఇచ్చిన పొట్లం విప్పేసరికి కొవ్వంతా పసుపుపచ్చగా ఉంది. ఊళ్లో అయినా ఇక్కడయినా అంతవరకూ మేం తిన్నది గేదె మాంసమే, దాని కొవ్వు తెల్లగా ఉండేది. పైగా ఊళ్లో మాంసం మిగిలితే పసుపు రాసి దాచడం మా వాళ్ల అలవాటు. ఇంకేముంది, పాడైపోయినదానికి పసుపు పులిమి ఆవు మాంసమని అంటగట్టాడని నాన్న తేల్చేశారు. కఫీల్‌కే చెబుతానని చొక్కా తొడుక్కున్నారు. ఆ మాట కఫీల్ చెవిన పడితే భాయ్ పని ఖలాస్, మర్నాడే విమానం ఎక్కించేస్తాడని అమ్మ గొణిగింది.

అడ్డుపడింది మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా నాయనమ్మ. ఆవిడేమీ భాయ్‌ని నమ్మి కాదు. నాన్నకి ఆ గుణం వచ్చిందే ఆవిడ నుంచి. విమానంలో ఇచ్చిన మంచినీళ్లు కూడా వాసన చూసి తాగిన మనిషి. తన ఆకువక్కల సంచిలోంచి సున్నపు డబ్బా తీసి, వేలితో కాస్త ఆ కొవ్వు మీద రుద్దింది. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని మాలో ఎవరికి తెలియదు! అందరం ముక్క చుట్టూ మూగాం. నేను భయంతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ముక్క ఎప్పటిలా పచ్చగానే ఉంది.

అయితే ఇంకేదో రంగు వేసుంటాడన్నారు నాన్న, పట్టు వదలకుండా.

"ఒరేయ్, గేదె వెన్న తెల్లగా ఉంటది, ఆవు వెన్న పచ్చగా ఉంటది. మేసేది ఒకటే గడ్డి. అందులోనూ మన జెర్సీ ఆవు వెన్న మరీ పచ్చన. వెన్నలో ఉన్న తేడా ఒంట్లో కొవ్వుకి ఉండదేంటి? పోయి ఏ జాతిదో అడుగు. అడుగు, అంతే. అరవమాక," అంది నాయనమ్మ.

నాన్న వెంట నేనూ వెళ్లాను. జెర్సీ జాతి ఆవేనన్నాడు భాయ్. పక్కన వేలాడుతున్నది మూపురం ఆవుదట. రెండూ గడ్డి మేసినవే, అయినా రెండోదాంట్లో కొవ్వు సన్నటి గీతలా ఉంది. నాన్న నమ్మకుండా అదీ కొన్నారు. నాయనమ్మ రెండూ వేరువేరు గిన్నెల్లో వండింది. జెర్సీది తొందరగా మెత్తబడి నోట్లో కరిగిపోయింది. మూపురం ఆవుది ఎంతకీ ఉడకక విసిగించింది. దవడలు నొప్పెట్టేలా నమిలాం గానీ దాని పులుసే రుచిగా ఉంది. నాన్న రెండూ మారు వడ్డించుకుని తిన్నారు, కఫీల్ ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు.

"అనుమానపడొద్దని నేనన్లేదురా," అంది నాయనమ్మ గిన్నెలు తీస్తూ. "ఆ అనుమానాన్ని కూడా ఒకసారి అనుమానించు."

ఇప్పుడు అదే దేశంలో, సనాబిస్‌లో మా అబ్బాయి దగ్గరుంటున్నాను. ఇక్కడి పెద్ద కొట్లలో మాంసం అట్టల మీద గడ్డి మాత్రమే మేసినదని పెద్దపెద్ద అక్షరాలు. గడ్డి సరే, జాతేదని నేను అడుగుతాను. కొట్లో కుర్రాడు లోపలికి వెళ్లి కనుక్కొచ్చేదాకా కదలను. మా కోడలు సిగ్గుతో పక్క వరుసలోకి తప్పుకుంటుంది. నాన్న రక్తం, ఎక్కడికి పోతుంది?

నాకు ఆకువక్క అలవాటు లేదు. అయినా నాయనమ్మ సున్నపు డబ్బా నా చేతిసంచిలోనే ఉంటుంది. ఫలానావాడు దొంగ, వాణ్ణి పనిలోంచి తీయించాలని ఎవరైనా ఊగిపోతూ వస్తే, నమ్మాలనే అనిపిస్తుంది నాకు. కానీ చెయ్యి ముందు ఆ డబ్బానే వెతుక్కుంటుంది.