నాయన నా చేతికిచ్చిన ఫ్యూజు

ఇవాళ పొద్దున వంటింటి ప్లగ్గులో వైర్లు ఒకదానికొకటి తగిలి బోర్డులో ఫ్యూజు బదులు ఉండే ఎంసీబీ స్విచ్చి టక్కున పడిపోయింది. ఆ కాలిన వాసనకు మార్కాపురంలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా, తలుపు పక్కన తెల్లటి పింగాణీ ఫ్యూజు! లోడు ఎక్కువైనా, వైర్లు కలిసినా అందులోని సన్న తీగ కరిగిపోయేది. కరెంటు ఆగి ఇల్లు కాలకుండా మిగిలేది.

ఒక ఎండాకాలం ఎలుకలు వైర్లు కొరికి ఫ్యూజు పోయింది. నాయన దాన్ని పీకి నా చేతిలో పెట్టాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది.

"నేను కిందికి దిగిందాక ఎవరడిగినా ఇయ్యబాకమ్మా" అని లోపలి గదిలో స్టూలెక్కాడు.

పలకల దుకాణం నుంచి చిన్నాయన చెమటలు కారుతూ వచ్చాడు.

"ఏంది పాపా, ఫ్యాను లేదా? అది ఇట్లియ్యి, తీగ చుట్టి పెడతా."

"ఇయ్యను. నాయన దిగలేదు."

"ఓహో, కరెంటాఫీసు నీదేనా?"

నేను పిడికిలి బిగించి గదివైపు చూపించాను. నాయన రెండు చేతుల్లో పైతొడుగు లేని వైర్లున్నాయి. చిన్నాయన నా పక్కన కూర్చుని, చేతిలోని కొత్త పలకతో నాకు విసురుతూ ఉండిపోయాడు.

ఇవాళ ప్లగ్గు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ "ఆఫ్ చేసినాను గదక్కా, పోయి కూచో" అన్నాడు.

ఎంసీబీని పీకి పిడికిట్లో దాచుకోలేం కదా. అతను పని ముగించేదాకా నేను బోర్డు ముందే నిలబడ్డాను.