కండువా కింద జవాబు

1974లో నన్ను ఆసుపత్రి వార్డు నుంచి గృహ సందర్శన విభాగానికి మార్చారు. మద్రాసులో అదొక ధర్మాసుపత్రి. నేను స్టాఫ్ నర్సును. నా పైన సీనియర్ సిస్టర్, ఆమె పైన డాక్టరు. తెలుగుదాన్ని గనక వాషర్‌మెన్‌పేటలో తెలుగిళ్లున్న వీధులు నాకు అప్పగించారు. మంచం పట్టిన పెద్దవాళ్లను ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లకు నేర్పడం మా పని. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, వీపు పుండు పడకుండా తుడిచి పౌడరు అద్దాలి, కూర్చోబెట్టి తినిపించాలి. ప్రతి రోగికీ ఒక కార్డు. చెప్పింది రోగికి అర్థమవుతోందో లేదో రాయడానికి అందులో 'గ్రహింపు' అని ఒక గడి ఉండేది.

ఇప్పటికీ పప్పుల బస్తాల వాసన తగిలితే ఆ వీధుల్లో ఒక ఇల్లు కళ్లముందు మెదులుతుంది. పెద్దాయన పప్పుల టోకు వ్యాపారి. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తల ఊపినా అవునో కాదో తెలిసేది కాదు. కొడుకు వెంకటేశులు హార్బరులో గుమాస్తా. మండీ గుట్టుమట్లు తెలియనివాడు. కోడలు సరోజ వండి గుమ్మం దాకా తెచ్చేది. మామగారి చెయ్యి ముట్టుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. కొడుకు తినిపిస్తే నాలుగు ముద్దలయ్యాక ఆయన ఉమ్మేసేవాడు.

నాడి చూద్దామని ఎడమ చెయ్యి పట్టుకుంటే, ఆయన తన కండువాను నా చేతి మీదికి లాగి వేళ్లు నొక్కేవాడు. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి విదిలించుకుని, ఈ వయసులో ఇదేం పనని కసిరాను. ఆ రోజే కార్డులో 'గ్రహింపు లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి పారేశాను.

ఆ రెండు మాటలకు బరువుంది. అలాంటివాళ్లను ఊరి బయటి దీర్ఘరోగుల ఆశ్రమానికి పంపమని డాక్టరు చెప్పేవారు. వెంకటేశులు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. సోమవారం ప్రయాణం. శనివారం చివరిసారిగా వెళ్లాను. మళ్లీ కండువా, మళ్లీ వేళ్లు. వేన్నీళ్లు తెచ్చిన సరోజ చూసి అరిచింది.

"ఉండండి సిస్టరమ్మా! మామ బేరమాడతా ఉండారు. మా నాయన కూడా మండీలో ఇట్లనే చేస్తాడు."

టోకు బజారులో ధర పదిమందికీ తెలియకుండా కండువా కింద వేళ్లు పట్టుకుని అంకె చెప్పుకుంటారట. నాకు నమ్మకం కుదరలేదు. పరీక్షిద్దామని, మీకు ఎంతమంది పిల్లలని ఆయన్ను అడిగాను. నా నాలుగు వేళ్లూ కలిపి నొక్కాడు. కార్డులో ముగ్గురని ఉంది. చూశావా అన్నట్టు సరోజ వైపు తిరిగాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి!

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న వెంకటేశులు వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"నాకు ముందర ఒక అక్క ఉండె సిస్టర్. నెల బిడ్డగానే పోయింది. మేం ఎవురం ఆమెను చెప్పుకోం. నాయన నా వేళ్లు కూడా ఇట్లనే నొక్కతా ఉండె. చెయ్యి వణకతా ఉందని నిమిరి వదిలేస్తిని." తండ్రి చెయ్యి పట్టుకుని, "నాయనా, నువ్వు ఈడనే ఉండు. యాడికీ పోవద్దు," అని ఏడ్చాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఒక వేలంటే నీళ్లు, రెండంటే పక్క మార్చడం, మూడంటే చాలు అని ఆ పూటే కుదుర్చుకున్నాం. మధ్యాహ్నం నాలుగు ముద్దలకే మూడు వేళ్లు నొక్కాడు. ఇన్నాళ్లూ ఉమ్మేసింది కడుపు నిండిందని చెప్పడానికే. కండువా అడ్డం ఉంది గనక, కొడుకు ఇంట్లో లేనప్పుడు సరోజ మొహమాటం లేకుండా మామగారి వేళ్లందుకునేది. నా శిక్షణలో ఎవరూ నేర్పని ఉపాయం అది. ఆయన చివరి దాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ శనివారం కార్డులో 'గ్రహింపు లేదు' కొట్టేశాను. పిల్లలు 'ముగ్గురు' అన్నది కూడా కొట్టేసి 'నలుగురు' అని రాశాను. మా కార్డులో రోగి వృత్తికి గడి లేదు. రిటైరయ్యేదాకా, గ్రహింపు గడి నింపే ముందు, ఈయన ఏం పని చేసేవారని ఇంటివాళ్లను అడిగి, జవాబు అంచున రాసుకునేదాన్ని.