హెడ్మిస్ట్రెస్ కూతురు

నేను చదివింది మూడో తరగతి. అయినా అబుదాబిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న రోజుల్లో నన్ను రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ని చేసేశారు. ఆ ఘనత ఇంగ్లీషు కోచింగ్ మాస్టరుది.

కరోనా తగ్గుముఖం పట్టాక అల్లుడి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, అందరం పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఆ లోపు కెనడాకు దరఖాస్తు పెట్టాలని వాళ్ల ఆత్రం. మా అమ్మాయి మఫ్రఖ్ దగ్గర ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. డాక్టర్లతో ఇంగ్లీషు, లేబర్ క్యాంపుల నుంచి వచ్చే కూలీలతో హిందీ, సూది చూసి చెయ్యి లాక్కునే వాళ్లతో కాస్త అరబ్బీ. ఇన్నేళ్లూ ఆ నోటితోనే నెట్టుకొచ్చింది. కెనడా వాళ్లకది చాలదట. పరీక్ష పెట్టేవాడి ఎదురుగా కూర్చుని మాట్లాడి మార్కులు తెచ్చుకోవాలట.

ఒక సాయంత్రం నేను బాల్కనీలో ఎండిన నారింజ తొక్కలు డబ్బాలోకి ఎత్తుతున్నాను. ఫోనులో మాస్టరు వింటుండగా హాల్లో అమ్మాయి గడగడా వల్లిస్తోంది. హెడ్మిస్ట్రెస్ అన్న మాట చెవిన పడింది.

"ఎవరే ఆవిడ?"

"నువ్వేనమ్మా."

"నేనెప్పుడు వెలగబెట్టానే ఆ ఉద్యోగం?"

"మీకు నచ్చిన పెద్దవాళ్ల గురించి చెప్పమంటే ఇదే చెప్పాలట. కదిలించకు, మర్చిపోతాను."

ఫోనులోంచి మాస్టరు అందుకున్నాడు. "సొంతంగా చెప్తే తడబడతారండీ ఆంటీ. బట్టీ పడితే సేఫండీ."

"ఏం బాబూ, నీ దగ్గర చదివేవాళ్ల అమ్మలంతా హెడ్మిస్ట్రెస్‌లేనా?"

"చాలామందికి ఇదే ఇస్తానండీ."

గదిలోంచి అల్లుడు నవ్వాపుకోలేక దగ్గాడు. అరబ్బుల ఇళ్లలో గిన్నెలు తోమి పిల్లల్ని పెంచుకున్న మా గోదావరి ఆడవాళ్లను కూడా ఈ మహానుభావుడు బడి కుర్చీల్లో కూర్చోబెట్టాడన్నమాట. దీనికి ఫీజు కూడానూ!

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కథ సాఫీగా సాగుతుండగా ఎదుటివాడు మధ్యలో ఆపి, మీ అమ్మ ఏ పాఠం చెప్పేదని అడిగాడట. ఆ ముక్క మాస్టరు రాసివ్వలేదు. బట్టీ పట్టినవాళ్లకు మధ్యలో ఆపితే అక్కణ్ణించి రాదు కదా. ఇదీ మొదటినుంచి ఎత్తుకుంది. ఇంకేముంది, మార్కులు చాలలేదు.

మాస్టరు ఫోన్ చేసి, "ఈసారి అమ్మగారిని డాక్టర్ని చేద్దామండీ," అన్నాడు.

"ఖలాస్ సార్," అని అమ్మాయి పెట్టేసింది. నన్ను చెప్పుకోక ఎవరో హెడ్మిస్ట్రెస్‌ని చెప్పుకుందని అంతవరకూ దాని మీద పీకలదాకా ఉన్న కోపం ఆ మాటతో కొంత దిగింది నాకు.

మళ్లీ పరీక్షకు కట్టారు. ఈసారి దానికి ఎదురుగా నేను కూర్చున్నాను. అది చెప్పే ఇంగ్లీషు నాకు ముక్క అర్థం కాదు. కళ్లు పైకప్పుకేసి తిరిగాయంటే వల్లిస్తోందని మాత్రం తెలుస్తుంది. అప్పుడల్లా, "దిగు కిందికి," అనేదాన్ని. మొదట్లో విసుక్కుంది. తర్వాత తర్వాత నా కళ్లలోకి చూసి మాట్లాడింది, ల్యాబులో సూది గుచ్చే ముందు మాట్లాడినట్టు.

ఈసారి కావలసిన మార్కులు వచ్చాయి. అల్లుడు ఉద్యోగం ఉండగానే దరఖాస్తు పెట్టేశాడు.

"ఇక పరీక్షల గొడవ వదిలినట్టేనా?" అన్నాను.

"రెండేళ్లలోపు వాళ్లు పిలిస్తేనేనమ్మా. దాటితే ఈ మార్కులు చెల్లవు, మళ్లీ రాయాలి."

దాని నోట్లో ఇంగ్లీషు రెండేళ్లకు పాడైపోతుందట! నేను పెట్టిన మాగాయే అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.