పిడి వెనుక మీట

నిరుడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం జరిగిందిది. బర్మాలోని తన్లిన్‌లో మా ఆయనకు చిన్న లేత్ షాపు ఉంది. నేను అన్నం క్యారేజీ తీసుకెళ్లేసరికి పని బల్ల మీద విప్పేసిన పిస్టల్ ఉంది, ఎదుట ముక్కూమొహం తెలియని మనిషి ఉన్నాడు. బయట బండిలో మరో ఇద్దరు కూర్చున్నారు.

"ఏటిది?" అన్నాను తెలుగులో.

"పిడికి ఈ కొత్త సేఫ్టీ మీట బిగించాలట. పిడి గట్టిగా పట్టుకుంటేనే పేల్తాదట. కాదంటే ఊరుకునీ మనిసి కాదు. నువ్వింటికెల్లిపో," అన్నాడాయన ఆకురాయితో మీటను అరగదీయడం ఆపకుండా.

నేను క్యారేజీ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

మీట కుదిరింది. ఆ మనిషి భాగాలన్నీ జోడించి, అటు తిరిగి ఏదో చేసుకుని, తుపాకీని మా ఆయన గుండెకు గురిపెట్టాడు.

"ఆకో, వద్దు!" అని బర్మా మాటలో, అన్నా అని పిలుస్తూ బతిమాలాడు మా ఆయన.

"బిగించింది నువ్వేగా, భయమెందుకు?" అంటూ అతను పిడిని వదులుగా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాడు.

పేలలేదు. అతను తుపాకీ పైభాగాన్ని వెనక్కి లాగితే తూటా ఒకటి నేల మీద పడి దొర్లింది. అతను దాన్ని తీరిగ్గా ఏరుకుని, "పని బాగుంది" అని వెళ్లిపోయాడు.

మా ఆయన ఆకురాయిని బల్ల మీద పెట్టేశాడు. "ఇయ్యాల పేలకుండా ఆపింది నా పనే. రేపు ఎవుడి మీదో పేల్తే, అందులోనూ నా చెయ్యుంటాది."

ఆయన ప్రాణాలతో మిగిలినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఎక్కడైనా కాల్పులు జరిగాయని వింటే మాత్రం, మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేం.